పై పది వరుసలు

పగ పట్టడానికి నేను ఏ కోశానా పనికొచ్చే మనిషిని కాను. సీతాఫల్‌మండిలో మా వాటా మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంది. కోపంలో మాట తడబడుతుంది. ఎవరినైనా తిట్టాలనుకుంటే, సరైన తిట్టు మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటున్నప్పుడు తడుతుంది. అప్పుడు దాన్ని అద్దంలో ఉన్నవాడి మీద వాడుకోవడం తప్ప దారి ఉండదు. అయినా జీవితంలో ఒక్క మనిషి మీద పగ పట్టాను. పట్టిన పట్టు ఇప్పటికీ వదల్లేదు. ఆయన మా టీం లీడరు.

ఊరంతా సాఫ్ట్‌వేరు అయిపోయిన రోజులవి. అమీర్‌పేటలో ప్రతి మెట్ల పక్కనా ఒక కోర్సు బోర్డు వేలాడేది. ఇద్దరు కలిస్తే మంచీచెడూ అడగడం మానేసి "ఏ ప్లాట్‌ఫాం?" అని అడిగేవారు. మా నాన్న రైల్వే గుమాస్తా కావడం చేత నేను చాలాకాలం "ఒకటో నంబరు" అనే జవాబిచ్చాను. శ్రీకాకుళం వైపు నుంచి ఆయన బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను చదువు అయ్యాక స్థిరపడకుండా సాఫ్ట్‌వేరులో పడ్డాను.

నా వాటాకు వచ్చిన కంప్యూటర్ భాష మాత్రం అమీర్‌పేటలో ఏ బోర్డు మీదా లేనిది. నిండా బ్రాకెట్లే. ఒకటి తెరిస్తే దాంట్లో ఇంకోటి, దాంట్లో మరోటి. అన్నీ మూసి బయటపడేసరికి మధ్యాహ్నం భోజనం వేళ దాటేది. పెళ్ళిచూపుల్లో అడిగేవారు, "జావానా బాబూ?" "కాదండి." "మరేమిటి?" "మీరు వినుండరు." వాళ్ళు ఆ తర్వాత నా గురించీ వినదలచుకోలేదు.

ఆ భాష మా కంపెనీకి ఎందుకు అవసరమైందంటే, మా క్లయింటు ఒక కాల్‌సెంటరు కంపెనీ. ఎవరు ఏ షిఫ్టుకు రావాలి, ఎవరికి ఏ పండక్కి సెలవు, ఏ క్యాబు ఎవరింటి ముందు ఆగాలి అని చూసే ప్రోగ్రాం వాళ్ళకుంది. విదేశంలో ఉండే వాళ్ళ ఇంజనీరు ఒక పెద్దాయన దాన్ని ఈ భాషలో రాసుకున్నాడు. డబ్బు కోసం కాదు, ముచ్చటపడి. ప్రపంచం మొత్తం మీద ఈ భాష రాసేవాళ్ళందరినీ ఒక పెళ్ళి బస్సులో ఎక్కించొచ్చు. అందరికీ కలిపి ఒకే ఒక మెయిలింగ్ లిస్టు ఉండేది. ఒకరు ఉత్తరం రాస్తే బస్సంతా చదువుతుంది. ఆ బస్సులో ముందు సీటు ఈ పెద్దాయనది. ఈ సంగతి మా లీడరుకు తెలియదు. ఆయన ఆ భాషలో ఒక్క బ్రాకెట్టు కూడా తెరిచి ఎరగడు.

నా పక్క కుర్చీలో నా వయసువాడే ఒక మిత్రుడు కూర్చునేవాడు. జనగామ దగ్గర నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళ నాన్నకు మోండా మార్కెట్ వెనక గల్లీలో గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం. వీడికి గడియారం పట్ల తప్ప అన్నిటి పట్లా భక్తి ఉండేది. రోజూ ఆలస్యంగానే వచ్చేవాడు. ప్రతి వ్రతానికీ నేను ఆఫీసు నుంచి అమ్మకు ఫోన్ చేసి తిథి కనుక్కోవడం చూసి నాకు 'పంచాంగం' అని పేరు పెట్టాడు. నేను వాణ్ణి ఉత్త 'భాయ్' అనేవాణ్ణి. నాకంత సృజన లేదు.

మా లీడరుకు ప్రాణం ఫార్మాట్. ఏ కాగితం తీసుకెళ్ళినా చదవకముందే "ఫార్మాట్‌లో లేదు" అని తిప్పి పంపేవాడు. తను పంపే ప్రతి మెయిలు చివరా 'రిగార్డ్స్ ఇన్ అడ్వాన్స్' అని పెట్టేవాడు. సెలవు అడగాలన్నా గడులున్న ఫారం నింపాలి. రంజాన్ ముందు భాయ్ నింపుకుని వెళ్ళాడు. నేను వెనకాలే వేరే పని మీద నిలబడి ఉన్నాను.

"ఏ తారీఖు?" అన్నాడు లీడరు.

"గురువారం సార్. లేకుంటే శుక్రవారం."

"సీ, చూడు బాబూ. ఇక్కడ ఒక్క గడే ఉంది."

"చాంద్ కనబడాలె సార్. ముందురోజు పొద్దుగూకినంక గాని తెల్వది."

"ఫార్మాట్‌లో 'కనబడితే' అన్న గడి లేదు కదమ్మా."

"పెట్టుండ్రి సార్."

"మీవాళ్ళు ముందే డిసైడ్ చేసుకోరా? ఇంత టెక్నాలజీ వచ్చాక కూడా ఆకాశం వంక చూడటమేంటి?"

భాయ్ గురువారం అని రాశాడు. చంద్రుడు ఒప్పుకోలేదు. గురువారం వాడు ఉపవాసంతో ఇంట్లో కూర్చుని, శుక్రవారం పండగనాడు కొత్త చొక్కా వేసుకుని ఆఫీసులో నా పక్కన కూర్చున్నాడు. టిఫిన్ డబ్బా మూత తీసి షీర్‌ఖుర్మా నా ముందుకు తోశాడు. "తిను పంచాంగం. మనం ఆ గడి కట్టాలె."

అలా మొదలైంది మా లైబ్రరీ. లైబ్రరీ అంటే ఒకసారి రాసిపెట్టిన పని. ఇంకొకరెవరైనా తమ ప్రోగ్రాంలో తగిలించుకుని వాడుకోవచ్చు. మా అమ్మకు చెబితే నలుదిక్కులా చూసి, "లైబ్రరీ అన్నావు, పుస్తకాలేవిరా? బీరువా ఎక్కడ పెడతావు?" అంది. మాది మొత్తం ఒక ఫ్లాపీలో పడుతుందన్నాను. "ఇంతోటిదానికి లైబ్రరీ అని పేరేటి!" అని టీ తేవడానికి వెళ్ళింది.

ఆదివారాలు మా ఇంట్లో, భాగాలు కొని బిగించుకున్న కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళం. ఆఫీసు పని కాదు, ఆఫీసు కంప్యూటరు కాదు, ఆఫీసు టీ కూడా కాదు. తిథుల లెక్క నాది, హిజ్రీ నెలల లెక్క వాడిది. మొదట్లో నేను అంతా లెక్క కట్టేయొచ్చు అనుకున్నాను. ఒకరోజు అమ్మ గోడ మీద క్యాలెండరు ముందు నిలబడి గొణుక్కుంటోంది. "చవితి రెండు రోజులకీ పడ్డాది. ఏ రోజు చెయ్యాలో ఏటో. గుళ్ళో పంతులుగారిని అడిగొస్తాను."

భాయ్ కీబోర్డు మీంచి చేతులు తీసి నవ్వాడు. "సూశినవా? మీకు సుత అడుగుడే. మాకు సుత అడుగుడే."

లైబ్రరీకి ప్రాణం ఆ మాట. లెక్క తెలిసినంత వరకు మాది కడుతుంది. తెలియని చోట ఆగి మనిషిని అడుగుతుంది: నెలవంక కనబడిందా? మీ ఊళ్ళో ఏ రోజు చేస్తున్నారు? జవాబు వచ్చేదాకా ఆ సెలవును తేల్చకుండా అట్టే పెడుతుంది. సెలవు గడిలో 'కనబడితే' అనేది మొదటిసారి మేమే పెట్టాం.

పూర్తి చేసి మెయిలింగ్ లిస్టులో పెట్టాం. ఫైలు పైన పది వరుసలు రాశాం: మా ఇద్దరి పేర్లు, సికింద్రాబాద్ అని ఊరు, ఎన్నో కూర్పో, ఆ కింద షరతు. ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి. ఈ పై పది వరుసలు మాత్రం ఉంచండి. అంతే అడిగాం. బస్సులో వాళ్ళు ముచ్చటపడి తలా ఒక మార్పు చేసుకున్నారు, దాంతో రకరకాల కూర్పులు తిరగసాగాయి. అందుకని ఎవరు సాయం అడిగినా మా మొదటి జవాబు ఒకటే: మీ ఫైల్లో పై పది వరుసలు పంపండి. ఏ కూర్పో తెలియకుండా వైద్యం చేయలేం కదా.

లీడరు ఒకరోజు నా వెనక నిలబడి అడిగాడు. "అదేదో పండగల ప్రోగ్రాం రాశారట? నాకూ పంపు, చూస్తాను." పంపాను. 'గుడ్ వర్క్' అని జవాబొచ్చింది. నేను ఆ రెండు ముక్కలూ ఇంట్లో చదివి వినిపించాను కూడా.

కొన్నాళ్ళకు క్లయింటు వాళ్ళ ఇక్కడి మేనేజర్లకు ప్రదర్శన. ప్రొజెక్టరు తీగ వదులైతే పట్టుకుని నిలబడటానికి నన్ను పిలిచారు. తెర మీద మా ఫైలు తెరుచుకుంది. నా బ్రాకెట్లు నాకు తెలుసు. భాయ్ ఖాళీలు ఎక్కువ వదులుతాడు, అవీ తెలుసు. పైన పది వరుసలు మాత్రం తెలియవు. రెండో వరుసలో లీడరు పేరు. మూడో వరుసలో కంపెనీ పేరు. నాలుగో వరుసలో సర్వహక్కులు.

మనిషిని అడిగే భాగం మొత్తం ఎవరి చేతో ఎత్తేయించాడు. "ఫుల్లీ ఆటోమేటిక్," అంటున్నాడు లీడరు. "ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు." అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు ఖాళీ లేవు, తీగ పట్టుకుని ఉన్నాను. వదిలేస్తే తెర నల్లబడేది. ఆ ఆలోచన కూడా మర్నాడు పళ్ళు తోముకుంటున్నప్పుడే వచ్చింది.

బయటికొచ్చాక అడిగాను. "సార్, మా పేర్లు..."

"టీం వర్క్ కదా నాయనా. మీ ఇద్దరి పేర్లూ ఉంటే రేపేదైనా ప్రాబ్లం వస్తే క్లయింటు ఎవర్ని పిలవాలో కన్‌ఫ్యూజ్ అవుతాడు. ఒక్క పేరుంటే ఆ పేరే పిలుస్తాడు."

ఈ వాక్యం నేను మరచిపోలేదు. అక్షరం పొల్లుపోకుండా దాచుకున్నాను.

తర్వాత ప్రాజెక్టులో మనుషులు ఎక్కువయ్యారన్నారు. తీసేసిన వాళ్ళలో భాయ్ ఒకడు. నేను నా అంతట నేను మానేసి వేరే కంపెనీలో చేరాను. భాయ్ నాన్న పక్కన కూర్చుని గడియారాల కాలం సరిచేస్తూ, తన కాలం బాగుపడటం కోసం ఇంటర్వ్యూలకు వెళ్ళేవాడు. చూపించుకోవడానికి వాడికి ఉన్నదల్లా మా లైబ్రరీ. ఒకచోట ఎదురుగా కూర్చున్నాయన మా పాత కంపెనీ రంగుల కరపత్రం తీసి చూపించాడట. "ఇది వాళ్ళ ప్రాడక్టు కదా. అందులోంచి ఎత్తుకొచ్చి నీ పేరు పెట్టుకున్నావా?"

భాయ్ ఈ సంగతి చెబుతూ ఒక గడియారం వెనకమూత బిగిస్తున్నాడు. బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు. "అసలుది మాది. దొంగ సుత మేమే అయినం," అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. అందుకని ఆ కోపం కూడా నేనే తీసుకున్నాను. అప్పటికే నా దగ్గర కొంత ఉంది, రెండూ కలిపి పొయ్యి మీద పెట్టాను. ఆయన పేరు పై పది వరుసల్లోంచి దిగాలి, వాడి పేరు ఎక్కాలి. బస్సులో ఎక్కడానికి జనం తోసుకుంటారే, అలా కాదు. ముందు ఆయన్ను దింపి, దిగడం కళ్ళారా చూసి, అప్పుడు ఎక్కాలి.

ఆ ఏడు రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు. అమ్మ చేసిన సున్నుండలు పట్టుకుని సాయంత్రం పూట మోండా మార్కెట్ వెళ్ళాను. భాయ్ దుకాణానికి నాలుగడుగుల్లో ఒక నెట్‌కేఫ్. లిస్టులో ఉత్తరాలు చూసుకుని వద్దామని ఇద్దరం ఒకే స్టూలు మీద చెరి సగం కూర్చున్నాం.

కొత్త ఉత్తరం ఒకటి ఉంది. పంపినవాడికి పేరు లేదు. ఏవో అక్షరాలు, అంకెలు. సారాంశం ఇది: మీ లైబ్రరీ వాడుతున్నాం. రేపు పండగ అని సిస్టం ఎప్పుడో తేల్చేసింది, షిఫ్టులన్నీ వేసేసింది. ఇవాళ నెల కనబడకపోతే ఎల్లుండికి మార్చడం ఎలా? మార్చడానికి ఎక్కడా చోటు లేదు. అత్యవసరం. కింద చివర, రిగార్డ్స్ ఇన్ అడ్వాన్స్.

భాయ్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. థాంక్స్ బదులు రిగార్డ్స్‌ని అడ్వాన్సుగా ఇచ్చే మనిషి సికింద్రాబాద్ మొత్తానికి ఒక్కడే.

"ఆయనే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆయనే. జవాబు రాయి."

"రాయను. చూస్తూ కూర్చుంటాను. రేపు క్లయింటు ముందు ఎలా నిలబడతాడో..."

"పంచాంగం, జెర ఆగు. ఆ కాల్‌సెంటర్ల మావోళ్ళు మస్తుమంది ఉన్నరు. రేపు రోజా ఉపాసం నాడు సెలవిచ్చి, ఎల్లుండి పండగనాడు ఫోన్లెత్తమంటరు. నాకు జరిగిందే గాళ్ళకు జరగాల్నా? క్యాబులు షురూ అయ్యేలోపట జవాబు పోవాలె."

"పోతుంది. కానీ మన పద్ధతి ప్రకారం పోతుంది."

"ఏం పద్ధతి?"

నేను టైపు చేశాను. పగతో చేస్తే వేళ్ళు తడబడవని ఆరోజే తెలిసింది. 'మీ ఫైల్లో పై పది వరుసలు పంపగలరు.'

ఎవరికైనా అదే రాసేవాళ్ళం. ఆయన కోసం కొత్తగా వల ఏదీ వేయలేదు. ఆ మాట భాయ్‌తో అంటే, "నువ్ వెయ్యలే, కానీ నవ్వుతున్నవ్," అన్నాడు.

కంగారులో మనిషి చదవడు, అడిగింది చేస్తాడు. జీవితమంతా ఎదుటివాళ్ళను ఫార్మాట్‌లో అడిగినవాడు, తనను ఫార్మాట్‌లో అడిగేసరికి తలవంచి అతికించేశాడు. పది వరుసలూ వచ్చాయి. రెండో వరుసలో ఆయన పేరు, మూడో వరుసలో కంపెనీ, నాలుగో వరుసలో సర్వహక్కులు. అంకెల ముసుగులో వచ్చిన మనిషి తన బోర్డు తానే మెడలో తగిలించుకుని బస్సంతటి ముందూ నిలబడ్డాడు.

బయట గల్లీలో ఖర్జూరాల బండి దగ్గర కేకలు. పొద్దు వాలుతోంది. నేను దాచుకున్న వాక్యం బయటికి తీశాను.

'అయ్యా, ఇది మా లైబ్రరీ కాదు. మాది మనిషిని అడుగుతుంది, ఇందులో ఆ భాగమే లేదు. రాసినవారి పేరు మీ రెండో వరుసలో స్పష్టంగా ఉంది. ఒక్క పేరే ఉంది కాబట్టి ఎవరిని పిలవాలో అయోమయం లేదు. దయచేసి వారిని సంప్రదించండి.'

పంపే మీట నొక్కేశాక భాయ్ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. మెచ్చుకోలో, మందలింపో అర్థం కాలేదు. "అరే, మనిషి పరేషాన్‌ల ఉంటే నాటకాలా!" అన్నాడు. పెదవులు మాత్రం బిగబట్టుకున్నాడు, రోజా ఉన్నవాడు నవ్వితే తప్పేమో అన్నట్టు.

ముసుగు మనిషి నుంచి జవాబు లేదు. ఏం రాస్తాడు? నేనే ఆ పేరు అంటే దొంగ. కాదంటే ఆ పేరు గలవాడు ఎవరో చెప్పాలి.

మసీదు మైకులోంచి అజాన్ వచ్చింది. భాయ్ ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు, నాకు ఒకటి ఇచ్చాడు, నేను సున్నుండ ఇచ్చాను. బయటికెళ్ళి బోయిన్‌పల్లి వైపు ఆకాశం చూసి వచ్చాం. ఒకటే మబ్బు. గల్లీలో తలలెత్తిన వాళ్ళంతా తలలు దించుకున్నారు. కాసేపటికి మసీదు నుంచి ప్రకటన: నెల కనబడలేదు. పండగ ఎల్లుండి.

తిరిగొచ్చేసరికి లిస్టులో ఉత్తరం. ముందు సీటు పెద్దాయన. రెండే ముక్కలు. 'రెండో వరుసలోని వ్యక్తి నాకు తెలుసు, మాకు పనిచేసిపెట్టే కంపెనీ మనిషి. ఈ రెండు ఫైళ్ళలో ఏది ముందుది, దేనిలోంచి ఏది పోయింది, ఎవరైనా చెప్పగలరా?'

ఇక్కడ నాకు చెప్పాలనిపించిన మాటలు ఒక బస్తాడు. కానీ భాయ్ కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. "నువ్ జరుగు. జవాబు నేను రాస్తా."

వాడు రాసింది చదివాక, పగలో కూడా నేను వాడికి జూనియర్‌నే అని తెలిసింది. 'సార్, మాది ఒక ప్రశ్న అడుగుతుంది. ఆయనది అడగదు. ఆ ప్రశ్న ఎందుకు తీసేశారో ఆయన్నే అడగండి. ఇవాళ ఇక్కడ నెల కనబడలేదు. మా ఫైలు మొత్తం, పై పది వరుసలతో సహా దించుకోండి. అది మిమ్మల్ని అడుగుతుంది, లేదు అని చెప్పండి. మీ రాత్రి షిఫ్టు క్యాబులు బయల్దేరేలోపు అయిపోతుంది. అందరికీ ముందుగా పండగ శుభాకాంక్షలు.'

పెద్దాయన దించుకున్నాడు. అది అడిగింది, ఆయన చెప్పాడు. షిఫ్టులు మారాయి. మబ్బు పుణ్యమా అని మా ఇద్దరి పేర్లూ ఆ ప్రోగ్రాంలోకి మళ్ళీ ఎక్కాయి. బస్సులో మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు, మా ఫైలు మొదట లిస్టులో పెట్టిన నాటి ఉత్తరం నాకు గుర్తుంది, నాకూ గుర్తుంది అని రాయడం మొదలుపెట్టారు. నేను ఒక్కొక్కటీ రెండేసి సార్లు చదివాను. సున్నుండలు నేనే తినేశాను.

మర్నాడు ఆఫీసులో ఉండగా లీడరు ఫోన్. గొంతు తేనెలో నానబెట్టినట్టుంది.

"ఏం బాబూ, బాగున్నావా? మన టీం వాళ్ళని మర్చిపోయావు."

"మర్చిపోలేదు సార్. బాగా గుర్తున్నారు."

"సీ, చూడు. నిన్న ఎవరో మా కుర్రాడు పొరపాటున లిస్టులో ఏదో పెట్టాడట. ఆ ఉత్తరాలు తీసేయించు. పేర్లదేముంది, మీవి కూడా కలుపుదాం. క్లయింటు అనవసరంగా ఎక్స్‌ప్లనేషన్ అడుగుతున్నాడు."

ఈసారి తిట్టు మర్నాటి దాకా ఆగలేదు. పళ్ళు తోముకోకుండానే వచ్చింది.

"సార్, రిక్వెస్టు ఫార్మాట్‌లో లేదు."

అవతల ఊపిరి వినిపించింది. ఎంత తీయగా వినిపించిందో చెబితే నన్ను చెడ్డవాడనుకుంటారు. అనుకోండి.

"లిస్టుకు రాయండి సార్," అన్నాను. "ఏ ఉత్తరం తీసేయాలి, ఎవరు అడుగుతున్నారు, కారణమేంటి. మూడే గడులు."

నిజంగానే రాశాడు, ఈసారి సొంత పేరుతో. మొదటి గడి నింపాడు, రెండోది నింపాడు. మూడో గడిలో 'వ్యక్తిగతం' అని పెట్టాడు. కారణం వివరంగా రాయగలరు అని తిప్పి పంపాను. 'పొరపాటు' అని రాశాడు. ఏ పొరపాటు, ఎవరిది అని తిప్పి పంపాను. అంతటితో ఆగిపోయాడు. రిగార్డ్స్ కూడా ఆపేశాడు. ఆ అర్జీ పక్కన 'పెండింగ్' అని గుర్తు పెట్టాను.

క్లయింటు ఆ కంపెనీతో పని మానుకోలేదు. అలాంటి న్యాయాలు జరుగుతాయని నేను ఆశపడలేదు కూడా. కరపత్రంలోంచి మాత్రం మా లైబ్రరీ మాయమైంది. భాయ్ తర్వాతి ఇంటర్వ్యూకి ఆ లిస్టులోని ఉత్తరాలు అచ్చుతీసి పట్టుకెళ్ళాడు. చదువుతూ చదువుతూ ఎదుటాయన కుర్చీలో వెనక్కి వాలి ఒకటే నవ్వట. ఉద్యోగం ఇచ్చాడు. చేరిన రోజున భాయ్ ఆలస్యంగానే వెళ్ళాడు.

ఇప్పటికీ ఏటా ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం మేం కలుస్తాం. మోండా గల్లీలో నెట్‌కేఫ్ పోయి మొబైల్ కవర్ల దుకాణం వచ్చింది. ఫోన్లోనే లిస్టు తెరిచి, ఆయన అర్జీ ఉన్న పేజీ చూస్తాను. పక్కన 'పెండింగ్' అని నేను పెట్టిన గుర్తు అలాగే ఉంటుంది.

పోయినసారి భాయ్ అన్నాడు, "ముసలోడయిండంట ఆయన. మాఫ్ చేసెయ్ పంచాంగం."

"చేస్తాను. నాకేం అభ్యంతరం లేదు," అన్నాను. "మూడో గడి నింపమను."

భాయ్ ఆకాశం వంక చూశాడు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని వాడితో పాటు చూశాను.